కాలిక్యులేటర్లకు కుంకుమ బొట్లు

ఆ దసరా నాడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులకు చెమటలు పడతాయి.

రెండు వేల అయిదు ప్రాంతం. టెక్సాస్‌లో ఒక చిన్న ఊళ్లో, గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ చేసి నన్ను తీసుకొచ్చారు. నా వీసా ఆ స్కూల్‌తో ముడిపడి ఉండేది. ఉద్యోగం పోతే నేనూ, నా డిపెండెంట్‌గా వచ్చిన మా ఆయనా, రెండో క్లాసు చదివే మా పాపా, ముగ్గురమూ సామాన్లు సర్దుకోవాల్సిందే. ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చాడు. ఇక్కడ పని చేసే అనుమతి లేదు. అందుకని స్కూల్లో గట్టిగా తుమ్మాలన్నా భయపడేదాన్ని.

మరి అంత పిరికిదాన్ని ఆ పని ఎలా చేశానంటే, అది తప్పని నా బుర్రకి తట్టనే లేదు. మా నాన్నకు పిండిమర ఉండేది. దసరా నాడు మరకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకున్నాకే బెల్టు తిప్పేవాడు. నేనూ ఆ పొద్దున మా కారుకి బొట్లు పెట్టి, కుంకుమ పొట్లం హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకున్నాను. క్లాసులోకి వెళ్తే గోడ మీది అరల్లో కాలిక్యులేటర్లు కనిపించాయి. నాకు అన్నం పెట్టేవి ఇవే కదా అనిపించి, ఒక్కోదాని వెనక చిన్న బొట్టు పెట్టాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఈ ఎరుపేంటని పిల్లలు అడిగితే, ఈ రోజు మా వాళ్లు పనిముట్లకి మొక్కుతారు, మీరూ ఒకసారి కళ్లకద్దుకోండి అన్నాను. నా ఉత్సాహం మండా! చాలామంది నవ్వుతూ అద్దుకున్నారు. వెనక కూర్చునే ఒక అమ్మాయి మాత్రం అటూ ఇటూ చూసింది. నేను ఆ పిల్ల వైపే చూస్తూ నిలబడ్డాను. చివరికి తనూ అద్దుకుంది.

మర్నాడు ప్రిన్సిపాల్ మా క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చి, ఒక తల్లి ఫిర్యాదు చేసిందని, సాయంత్రం బెల్లు కొట్టాక ఆఫీసుకి రమ్మని చెప్పింది. ఎప్పుడూ నవ్వే మనిషి, ఆ రోజు నవ్వలేదు. లంచ్‌లో ఇంటికి ఫోన్ చేసి మా ఆయనకి చెప్పాను.

"అది మీ నాన్న పిండిమర అనుకున్నావా?" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "సారీ చెప్పెయ్. వాళ్లేమన్నా తల ఊపు. ఎదురు మాట్లాడకు," అన్నాడు.

తల ఊపడం మాకు అలవాటే. పాప స్కూలు వేరు, అదీ గవర్నమెంటుదే. అక్కడ భోజనానికి ముందు టీచర్ పిల్లలందరి చేతా చేతులు పట్టించి, కళ్లు మూయించి, యేసుకి ప్రార్థన చెప్పించేది. ఒకసారి మా పాప కళ్లు తెరిచిందని, నువ్వు నరకానికి పోతావంది పక్కపిల్ల. ఆ రాత్రి పాప నా దుప్పట్లో దూరి, "అమ్మా, హెల్‌కి నేనొక్కదాన్నే వెళ్తానా, మీరూ వస్తారా?" అనడిగింది. అయినా నోరెత్తలేదు. వీసా మీద ఉన్నవాళ్లకి ఫిర్యాదులేంటని నేనూ ఆయనా ఒకరికొకరం సర్దిచెప్పుకున్నాం. ఈసారి కళ్లు గట్టిగా మూసుకోమని పాపకే చెప్పాం.

సాయంత్రం ఆఫీసులోకి వెళ్లేసరికి ఆ తల్లి కూర్చుని ఉంది. మెడలో చిన్న సిలువ. నన్ను నమిలి మింగేస్తుందనుకున్నాను. తీరా చూస్తే ఆవిడే నన్ను చూసి కుర్చీలో వెనక్కి జరిగింది. ఫిర్యాదు చేసినందుకు నేను కూతురి మార్కులు కోస్తానేమోనని, ఇక్కడికి రావాలంటేనే భయమేసిందని చెప్పింది. నన్ను చూసి ఒకళ్లు భయపడడమా! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మా అమ్మాయికి ఇష్టం లేదు. కానీ మీరు చూస్తున్నారు, మీరు టీచర్. అందుకని చేసింది," అంది. "ఇంటికొచ్చి, నేను వేరే దేవుడికి మొక్కానా, నాకు శిక్ష పడుతుందా అని ఏడ్చింది. రాత్రంతా నిద్రపోలేదు."

సారీ చెప్పాను. ఆయన నేర్పిన సారీ కాదు, నిజంగానే సిగ్గుపడి చెప్పాను. ప్రిన్సిపాల్ నా వైపు తిరిగి, ఇది గవర్నమెంట్ స్కూలు, ఇక్కడ టీచరుగా నిలబడినంతసేపు నీ దేవుడు గుమ్మం బయటే ఉండాలి, నా దేవుడూ బయటే ఉంటాడు అంది. పిల్లలు తమంతట తాము మొక్కుకుంటే అది వాళ్లిష్టమట. ఈసారికి హెచ్చరికతో వదిలేస్తున్నానని, మళ్లీ జరిగితే కాంట్రాక్టు తన చేతుల్లో ఉండదని చెప్పింది.

బతికిపోయాను. థాంక్యూ చెప్పి వచ్చేయాలి. కుర్చీలోంచి లేచాను కూడా. నోరు మాత్రం నా మాట వినలేదు.

"ఆ రూలు మా పాప స్కూల్లో కూడా ఉందా?" అన్నాను.

అయిపోయింది, చేజేతులా వీసా తగలబెట్టుకున్నాననుకున్నాను. ప్రిన్సిపాల్ మళ్లీ కూర్చోమంది. భోజనం ముందు ప్రార్థన సంగతీ, పాప అడిగిన మాటా చెబుతుంటే నా ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ తల్లి సిలువ పట్టుకుని వింటోంది. యేసు ప్రార్థనలో ఆవిడకి తప్పేం కనిపిస్తుందిలే అనుకున్నాను.

"ఆ రాత్రి మీ పాప నిద్రపోయిందా?" అని ఆవిడే అడిగింది.

లేదన్నాను. ఆవిడ తలొంచుకుంది. ప్రిన్సిపాల్ ఫోను అందుకుని, పాప స్కూలు వాళ్లతో మాట్లాడతాను, నీ పేరు చెప్పొచ్చా అంది. చెప్పమన్నాను.

బయట కారులో మా ఆయనా పాపా ఎదురుచూస్తున్నారు. ఉద్యోగం ఉందని చెప్పాను. ఆ వెంటనే పాప స్కూలు మీద నేను చేసిన ఫిర్యాదు సంగతీ చెప్పేశాను. ఆయన విరుచుకుపడతాడనుకున్నాను, కానీ ఒకసారి స్టీరింగ్ వైపు చూశాడు. అప్పుడు గమనించాను. స్టీరింగ్ మీద నిన్న నేను పెట్టిన బొట్టు లేదు. కారు ముందు భాగంలోదీ లేదు. ఎవరైనా చూస్తారేమోనని మధ్యాహ్నమే తడిగుడ్డతో తుడిచేశానన్నాడు.

ఆయన మీద ఒళ్లు మండింది. అంతలోనే జాలేసి ఏడుపొచ్చింది. బ్యాగులో వెతికి కుంకుమ పొట్లం తీశాను.

"ఆ కాలిక్యులేటర్లు స్కూలువండీ. ఇది మన కారు," అన్నాను.

తొందరలో స్టీరింగ్ మీద బొట్టు వంకరగా పడింది. వెనక సీట్లోంచి పాప ముందుకి వంగింది.

"అమ్మా, ఇప్పుడు నేను కళ్లు మూసుకోవాలా?"

"నీ ఇష్టం," అన్నాను.

పాప కళ్లు మూసుకోలేదు. ఆ వంకర బొట్టునే చూస్తూ కూర్చుంది.