ఖాదర్ బాబాయ్ రాయనన్న అర్జీ

శుక్రవారం రియాద్‌లోని బతా బజారు సందుల్లో నడుస్తుంటే ఒక మెస్సులోంచి ఉగ్గాని తాలింపు వాసన వచ్చింది. నేను గోదావరి మనిషిని. బొరుగులతో చేసే ఆ వంట నాకు రుచి చూపించింది కర్నూలు ఖాదర్ బాబాయ్. ఇక్కడే మా కింది వాటాలో ఉండేవారు. కోర్టుల్లో, పోలీసు స్టేషన్లలో మనవాళ్ల మాట అరబీలోకి, అరబీ మాట తెలుగులోకి మార్చి చెప్పడం ఆయన పని. ఆయన పోయి రెండేళ్లవుతున్నా, ఆ వాసనకి కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి.

నేనిక్కడ ఒక క్లినిక్‌లో నర్సుని. మా ఆయన శ్రీను ఒక సౌదీ కుటుంబానికి డ్రైవరు. బాబాయ్ ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం మా ఆయన నడుపుతున్న కారు, రోడ్డు దాటుతున్న ఇద్రీస్ అనే సూడాన్ పెద్దాయన్ని గుద్దేసింది. పెద్దాయన కాలు నుజ్జయింది. సిగ్నల్ పచ్చగానే ఉందని మా ఆయన ఎంత మొత్తుకున్నా, విచారణ తేలేదాకా లోపలే ఉంచారు. ఇంతలో రంజాన్ వచ్చింది. రాజుగారు ఖైదీలకు క్షమాభిక్ష పెడతారని అందరూ అన్నారు. మా ఆయనకి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, మంచివాడు, "నాకు పెద్దవాళ్లు తెలుసు, అర్జీ రాయించుకురా" అన్నాడు. నేను పరుగున కిందికి దిగి బాబాయ్ తలుపు కొట్టాను.

అంతా విని ఆయన నెమ్మదిగా అడిగారు. "మీ ఆయన తప్పు చేసినాడా అమ్మా?"

"లేదు బాబాయ్!"

"మరి దేన్ని క్షమించమని రాయాల?"

ఆయనే మళ్లీ అందుకున్నారు. "శిక్ష పడినోళ్లకే ఆ క్షమాభిక్ష. ఏమీ తేలకముందే అడిగితే, చేసినామని మనమే ఒప్పుకున్నట్టు. రేపు తప్పుందనే తేలినా, రాజుగారు సర్కారు తరఫు శిక్షనే మాఫీ చేయగలరు. ఆ పెద్దాయన నొప్పి ఆయనది. దాన్ని క్షమించే హక్కు రాజుకి కూడా లేదు."

"లోపలున్నది మీ వాళ్లు కాదుగా" అనేశాను. ఆయన ఏమీ అనుకోలేదు. తాము ఉపవాసంలో ఉండి కూడా, ఖైరున్ పిన్ని చేత నాకు ఉగ్గాని చేయించి పెట్టించారు. తిన్నాక, "పా, ఆస్పత్రికి పోదాం. క్షమించమని మాత్రం అడగాకు. ఎట్లున్నాడో చూసొద్దాం" అన్నారు.

మేమెవరమో చెప్పగానే ఇద్రీస్ మంచం మీద నుంచే గట్టిగా ఏదో అన్నాడు. అప్పటికి నాకు అరబీ అంతగా రాదు. బాబాయ్ నా వైపు తిరిగి, "నీ మొగుడు కనబడితే వాని కాలు ఇరగ్గొట్టాలని ఉందంట. నీ కన్నీళ్లు తనకు అక్కర్లేదంట" అని ఉన్నదున్నట్టు చెప్పారు.

బయటికొచ్చి ఏడ్చాను. "కొంచెం మెత్తగా చెప్పొచ్చుగా బాబాయ్."

"ఆయన కోపం ఆయనది పాపా. దాంట్లో కోత పెట్టేదానికి నేనెవర్ని?"

ఆ తర్వాత డ్యూటీ అయ్యాక నేనే వెళ్లేదాన్ని. కాలి కింద దిండు సరిచేసేదాన్ని, కట్టు చూసేదాన్ని. కేసు మాట ఎత్తలేదు. మొదట్లో ఆయన కళ్లు మూసుకుని పడుకునేవాడు. ఒకరోజు, దిండు ఇంకొంచెం పైకి జరపమని చేత్తో చూపించాడు. ఆ రాత్రి బాబాయ్‌కి ఆ సంగతి చెబితే, పండగ వార్త విన్నట్టు నవ్వారు.

విచారణ తేలింది. సిగ్నల్ పచ్చదే, కానీ బండి వేగం ఎక్కువ. తప్పు కొంత మా ఆయనదే. సర్కారు తరఫున పడిన శిక్ష అప్పటికే లోపల గడిచిపోయింది. మిగిలింది ఇద్రీస్ మాట. కోర్టులో ఆయన కర్ర ఆనించుకుని నిలబడి, మా ఆయన వంక చాలాసేపు చూసి, రెండు ముక్కలు మాట్లాడాడు.

"కాలు నొప్పి పోలేదంట. అయినా దేవుడి కోసం క్షమించినాడంట" అన్నారు బాబాయ్. ఆ తర్వాత న్యాయమూర్తి అడిగింది బాబాయ్‌కి వినబడలేదు. రెండోసారి అడగాల్సి వచ్చింది.

ఇప్పుడు మా క్లినిక్‌కి వచ్చే తెలుగు ఆడవాళ్లకి నేనే మాట సాయం చేస్తాను. మొన్న రాజోలు నుంచి వచ్చిన ఒకావిడని చెయ్యి కాలిందని తీసుకొచ్చారు. పక్కనే ఆవిడ పనిచేసే ఇంటి మేడం. "ఏదో జరిగిపోయింది, మనసులో పెట్టుకోవద్దని చెప్పు" అంది అరబీలో. ఆ మాట తు.చ. తప్పకుండా చెప్పాను. ఆవిడ తలదించుకుని, "సరేనని చెప్పండి సిస్టర్" అంది.

మేడంని బయట కూర్చోమన్నాను. తలుపు వేసి, ఆవిడ ముందుకు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"క్షమిస్తావో లేదో నీ ఇష్టం అమ్మా, దానికి తొందర లేదు. ముందు చెయ్యి ఎలా కాలిందో చెప్పు."