తిట్ల మధ్య చిప్సు

ఫిర్యాదుల ఫోన్లెత్తే అతన్ని తోటివాళ్లు ‘పిండిమర’ అంటారు. చెవిలో తిట్లు మొదలవగానే ఎడమచెయ్యి మ్యూట్ నొక్కుతుంది, కుడిచెయ్యి సొరుగులోని చిప్సు ప్యాకెట్టులోకి పోతుంది. ఆకలి ఉండదు, రుచి తెలియదు; నమిలినంతసేపూ గుండెదడ కాస్త తగ్గుతుంది, అంతే. ఇంట్లో అమ్మ వడ్డించిన అన్నం మాత్రం కెలికి లేచిపోతాడు. ఫోన్లో ఉండగా తింటూ ఇంకొక్కసారి దొరికితే ఉద్యోగం ఊడుతుందని సూపర్‌వైజరు చెప్పేశాడు. నిన్న అతను మ్యూట్ నొక్కడం మరిచాడు. అవతల నిప్పులు కక్కుతున్న పెద్దావిడ టక్కున ఆగింది.

“ఏంటయ్యా ఆ కరకర? తింటున్నావా?”

“తప్పైపోయిందమ్మా. పైవాళ్లకి చెప్పకండి, మీకు పుణ్యముంటుంది.”

“ఇంకా తిండే తినలేదా నాయనా! తిను, తిను. నా తిట్లెక్కడికి పోతాయి, తర్వాత తిడతాలే.”

ఆవిడ నిజంగానే ఆగింది. అతను నోట్లోది నెమ్మదిగా నమిలాడు. ఇన్నాళ్లుగా తింటున్న ఆ చిప్సులో ఇంత కారముందని అతనికి అప్పుడే తెలిసింది.