కోళ్ల దొర కచేరీ, మా బాపమ్మ శోకం

ఆ రోజుల్లో మా సిరిసిల్లలో పాట ఊరికే పుట్టేది కాదు. పెళ్లయితే ఒక పాట, తొట్టెల కడితే ఒక పాట, బతుకమ్మకు బోలెడు పాటలు, మనిషి పోతే రాగం తీసి ఏడ్చే శోకం. ఏ కారణమూ లేకుండా ఒకడు కూర్చుని పాడటం, పదిమంది పనిగట్టుకుని వెళ్లి వినటం మావాళ్లకు తెలియదు. నాకు మాత్రం తెలుసు. పంతులమ్మ ట్రైనింగుకని హైదరాబాదులో ఉండి వచ్చినదాన్ని, అక్కడ ఒక కచేరీ కళ్లారా చూసినదాన్ని (వెనక వరసలో, స్తంభం పక్కన). ఇరవై ఏళ్ల వయసు, కొత్త ఉద్యోగం, ఇస్త్రీ చీర. ఊరికి నాగరికత నేర్పే బాధ్యత నా నెత్తిమీదే ఉందని గట్టిగా నమ్మేదాన్ని.

ఆ ఏడు వానలకు మా పక్కింటి కాక ఇల్లు సగం కూలింది. గోడ వచ్చి గుంట మగ్గం మీద పడింది, గుంట నిండా నీళ్లు, ఎక్కించిన పడుగంతా కుళ్లిపోయింది. కాక మాకు చుట్టమేమీ కాదు, ఊరి వరసకు బాబాయి. ఆయన భార్య చిన్నమ్మ అంటే నాకు ప్రాణం. ఆడపిల్లకు ఇంకా చదువెందుకని మా బాపు అడ్డం తిరిగినప్పుడు, మా వాకిట్లో నిలబడి ఆయనతో పోట్లాడి నన్ను ట్రైనింగుకు పంపింది ఆమే. అలాంటి చిన్నమ్మ ఇప్పుడు మూటలు కడుతోంది. అమావాస్య వెళ్లగానే బొంబాయి పక్కన బివండికి పోయి అక్కడి సాంచల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, కూలికి నేస్తానని కాక తేల్చేశాడు. వాడకట్టువాళ్లు తలాకాస్త ఇస్తామని వెళితే, "కాళ్లు చేతులు సక్కగున్నయి, ధర్మం పట్టే గతి ఇంక రాలే" అని గుమ్మంలోంచే తిప్పి పంపాడు.

అప్పుడు నాకు కోళ్ల దొర గుర్తొచ్చాడు. కోళ్ల పెంపకం నేర్పటానికి అమెరికా నుంచి వచ్చిన కుర్రాడు, తాలూకా ఆఫీసు వెనక గదిలో ఉండేవాడు. అతని తెలుగంతా కోడి, గుడ్డు, దాణా, రోగం చుట్టూ తిరిగేది. సాయంత్రాలు గిటారు పట్టుకుని పాడుతుంటాడని విని, వెళ్లి అడిగాను. తన దేశంలో పత్తి ఏరే బీదజనం పుట్టించిన పాటలవి అన్నాడు, పేరు బ్లూస్ అన్నాడు. అంతే, నా బుర్ర పరుగెత్తింది. మా ఇంట్లో కచేరీ, టికెట్టుగా ఇంటికో చిలప నూలు, వచ్చిందంతా కాకకు. పాట విని ఇచ్చేది కళకు వెల అవుతుంది గానీ ధర్మం కాదని ఆయనతో వాదించాను. కాక మూట బిగిస్తూ విన్నాడు. పంతులమ్మతో వాదన ఎందుకని ఊరుకున్నట్టున్నాడు.

అమావాస్యనాడు మగ్గాలు బందు కాబట్టి ఆ మధ్యాహ్నమే పెట్టాను. (అమాసనాడు పాటలేంటని మా అమ్మ గొణిగింది. మూఢనమ్మకమని ఆమెకొక ఉపన్యాసమిచ్చాను.) జనం బాగానే వచ్చారు, కానీ దొరను చూడటానికి వచ్చారు. చేతుల్లో నూలు లేదు. అరుగుల మీద, గోడల మీద ఉచితంగా సర్దుకున్నారు. నేను పెట్టిన పెద్ద గంప అడుగున మా ఇంటి చిలపలు, మా హెడ్మాస్టరు గారివి తప్ప ఏమీ లేవు. కాక తన ఇంటి ముందు నిలబడి ఆ గంపను చూస్తున్నాడు. అయినా లేచి నాగరికంగా స్వాగతం చెప్పి, దుబాసీగా దొర పక్కన కూర్చున్నాను.

దొర కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. ఆ గొంతులో జీర మాకెవరికీ కొత్త కాదు, అచ్చం మా శోకాల్లోదే, అదే చిక్కయింది. ఆమె రైలెక్కి వెళ్లిపోయింది, నా ఇల్లు చీకటైంది, ఎవరితో చెప్పుకోను అని నేను పుస్తకాల తెలుగులో అర్థం చెబుతున్నాను. ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకోవటం చూసి, కళ బాగా ఎక్కుతోందని మురిసిపోయాను. అంతలో మా బాపు వాళ్లమ్మ, మా బాపమ్మ, అడిగింది.

"గా పిలగానికి ఎవలు లేరా బిడ్డా?"

"అది పాట బాపమ్మా. నిజం కాదు."

"ఉత్త పాటకు గంత దుఃఖమెందుకొస్తది?"

బాపమ్మ సామాన్యురాలు కాదు. ఏ వాడలో చావు జరిగినా ఆమె వెళ్లి శోకం ఎత్తుకుంటేనే పోయినవాళ్లకు మర్యాద జరిగినట్టు లెక్క. ఆమె లేచింది, నేను కొంగు పట్టుకుని ఆపినా ఆగకుండా వెళ్లి దొర పక్కన కూలబడి, అతని మెడ చుట్టూ చేయి వేసి ఎత్తుకుంది. "దేశంగాని దేశమొస్తివి కొడుకా, ఎవలతోని చెప్పుకుంటివి కొడుకా..." వెంటనే ఆడవాళ్లంతా అందుకున్నారు. నా కచేరీ కాస్తా చావిల్లయింది. సిగ్గుతో చచ్చిపోయాను. దొర మాత్రం ఆపలేదు. ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత ఆమె రాగం వెంట గిటారు మీటాడు. ఆమె ఒక చరణం, అతడు ఒక చరణం. ఎవరికీ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

శోకంలో ఒకరి బాధ నుంచి ఇంకొకరి బాధకు పోవటం మా ఆడవాళ్ల పద్ధతి. బాపమ్మా అలాగే మళ్లింది. "రాత్రిబగలాడిన మగ్గమాయె కొడుకా, గోడగూలి గుంటల బడె కొడుకా, బిడ్డలు బివండి బాట బట్టిరి కొడుకా..." చిన్నమ్మ గొల్లుమంది. గోడల మీది మగవాళ్లు ఒక్కొక్కరే దిగి వెళ్లిపోతుంటే అంతా అయిపోయిందనుకున్నాను. కానీ వాళ్లు తిరిగొచ్చారు, చిలపలతో, బియ్యంతో, ఒకాయన మగ్గానికి కొత్త నాడెతో. చావింటికి ఉత్త చేతులతో ఎవరూ రారు కదా! గంప నిండి నేలమీదికి పొర్లింది.

కాక అక్కడే నిలబడి, మళ్లీ ధర్మం వద్దనబోయాడు. బాపమ్మ కళ్లు తుడుచుకుని ఆయన ముందుకు వెళ్లింది.

"మగ్గం వడ్డ ఇల్లు సావైన ఇల్లే కొడుకా. సావింటికి తెచ్చింది ధర్మం గాదు. వద్దనేటందుకు నీకు హక్కు లేదు."

కాక తల వంచుకుని కండువా పరిచాడు. ఆయన ఏడవటం నేను మొదటిసారి చూశాను. నేనూ ఏడ్చాను, ఇస్త్రీ చీర సంగతి మరిచిపోయి.

జనం వెళ్లాక దొర కంగారుగా బాపమ్మ దగ్గరికొచ్చి, ఉన్న కాసిన్ని మాటలూ కూడబలుక్కుని, తనకసలు పెళ్లే కాలేదని చెప్పాడు. బాపమ్మ అతని తల నిమిరి, "కాకుంటేంది కొడుకా, దుఃఖమైతె నిజమేనాయె" అంది.

చిన్నమ్మ మూటలు విప్పింది. వాళ్లు బివండి పోలేదు. ఊళ్లో మాత్రం దాన్ని కచేరీ అన్నవాళ్లు ఒక్కరూ లేరు, కోళ్ల దొరకు దుఃఖమొచ్చిన అమాస అనే చెప్పుకున్నారు. నిజమే, ఆ రోజు నేననుకున్నట్టు ఒక్కటీ జరగలేదు. జనాన్ని ఏడిపించింది దొర, గంప నింపింది బాపమ్మ, నేను చేసిందల్లా మధ్యలో కూర్చుని అక్కరలేని అర్థాలు చెప్పటం. అయినా సరే, ఆ కచేరీ పెట్టిందెవరని ఎవరైనా అడిగితే నేనేనని చెబుతాను. ఆ ఇరవై ఏళ్ల పంతులమ్మ అంతకు తక్కువకు ఒప్పుకోదు, ఆమెను కాదనే ధైర్యం ఈ వయసులో కూడా నాకు లేదు.