హెడ్‌లైటు గిన్నెలో మనిషి

ఎర్ర కారు బొమ్మ గీయమంటే ముందుగా ఎర్ర రంగు ట్యూబు మూత తీసేవాళ్లకు కారు గీయడం చేతకాదు. ఈ మాట నేను ఎవరి మొహం మీదైనా అంటాను. చాలామందిని అన్నాను కూడా. నున్నగా మెరిసే బండికి సొంత రంగు సగమే ఉంటుంది. పైన ఆకాశం, కింద నేల, మధ్యలో ఎదురుగా ఉన్న గోడో చెట్టో, అన్నీ వంకర తిరిగి బానెట్ మీదా డోరు మీదా పడి ఉంటాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు గీస్తే కారు దానంతట అదే వచ్చి నిలబడుతుంది.

ఇది నాకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. మొయినాబాద్ మెయిన్ రోడ్డు మీద మా బాపుకు డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు ఉండేది. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి అక్కడే పారేసి, వాటర్ పేపర్‌తో, అంటే నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో, డోర్లు రుద్దేదాన్ని. రంగు కొట్టి ఆరాక బాపు నన్ను పిలిచి డోరు పక్కన కూర్చోబెట్టేవాడు. పైన ట్యూబులైటు వెలుగుతూ ఉండేది. దాని ప్రతిబింబం డోరు మీద గీత గీసినట్టు తిన్నగా పడితే పని అయిపోయినట్టు. ఎక్కడైనా వణికితే లోపల సొట్ట మిగిలే ఉన్నట్టు. "నాకు కండ్లు గుంజుతున్నయ్, నువ్వు చూడు బిడ్డ," అనేవాడు. నేను చూసి చెప్పేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు, గొప్పకు అనడం లేదు.

తర్వాత షెడ్డు మూతపడింది, నా చూపు మాత్రం నాతోనే ఉండిపోయింది. అజీజ్‌నగర్ వైపు ఫామ్‌హౌసులు లేచాక వాటిలోకి పాతకాలపు కార్లు వచ్చాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ బండ్లు, ఎప్పుడో పందేల్లో పరుగెత్తిన బండ్లు, టార్పాలిన్ల కింద పడుకుని ఉండేవి. వాటి ఓనర్లకు బండి ఉంటే సరిపోదు, గోడ మీద దాని బొమ్మ కూడా ఉండాలి. అట్లా నాకు పని దొరికింది. మొదట్లో గేటు దగ్గర, "పెయింటర్ సార్ ఎప్పుడొస్తడు మేడమ్?" అని అడిగేవాళ్లు. నా వెనక స్కూటీ మీద మా ఆయన ఉంటే నేరుగా ఆయనకే నమస్తే పెట్టేవాళ్లు. పాపం, మా ఆయనకు సైడ్ స్టాండ్ తీయడమే గుర్తుండదు. ఇప్పుడు ఎవరూ అడగరు.

నా పనిలో నాకు ఒక్కటే నియమం ఉండేది. క్రోమ్ ఉన్నచోట ఎదురుగా నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. బంపర్లో, చక్రం మధ్య బిళ్లలో, హెడ్‌లైటు గిన్నెలో, కుర్చీ వేసుకుని కూర్చున్న నేనే పొట్టిగా, లావుగా కనిపిస్తాను. గీసేటప్పుడు నన్ను నేను తీసేస్తాను. పెళ్లి ఫొటోలో ఫొటోగ్రాఫర్ మొహం ఎవరికి కావాలి? కారు బొమ్మలో కారే ఉండాలి. మనిషి జాడ ఉండకూడదు.

నిరుడు ఎండాకాలంలో చేవెళ్ల అవతల, షాబాద్ రోడ్డు మీది ఒక ఊరి నుంచి ఫోను వచ్చింది. మాట్లాడినాయన ఆ ఊరికి ఒకప్పటి సర్పంచ్. తరాలుగా భూములున్న కుటుంబం. వాళ్ల నాయనకు రేసుల పిచ్చి ఉండేదట. పడుచుతనంలో పట్నంలో ఒక రెండు సీట్ల ఇంగ్లీషు బండి కొని, పట్నం బయటి పాత విమానాల రన్‌వే మీద పందేలకు తీసుకుపోయేవాడట. ఆయన పోయాక అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నారు. పొలాన్ని గెట్లు పెట్టి కోయొచ్చు గానీ కారును కోయలేరు కదా, అమ్మేస్తున్నారు. బెంగళూరు నుంచి కొనేవాళ్లు వచ్చే ఆదివారం లారీ తెస్తున్నారు.

"బండి పోతే పోయింది, బొమ్మన్న ఉండాలె చెల్లె," అన్నాడు ఆయన. "హాల్ల సోఫా మీదికి పెద్దగ కావాలె. షోరూంలకెల్లి అప్పుడే వచ్చినట్టు గీయి."

బండి ట్రాక్టర్ షెడ్డులో ఉంది. ముదురు ఆకుపచ్చ రంగు, పొడుగాటి బానెట్, దాని మీద అడ్డంగా తోలు బెల్టు, ముందు రెండు వైపులా చెంబుల్లా బయటికి పొడుచుకొచ్చిన హెడ్‌లైట్లు. డోరు మీద తెల్లటి గుండ్రం, అందులో సగం చెరిగిన నంబరు. చూడగానే నాకు చేతులు దురద పెట్టాయి. కానీ ఆ షెడ్డు చీకటి కొట్టు. బయట పెడదామంటే ఎండ నిప్పులు చెరుగుతోంది. అటూ ఇటూ చూస్తే పక్కనే వాళ్ల పాలీహౌస్ ఖాళీగా కనిపించింది. జెర్బెరా పూల మొక్కలు పీకేశారు, కొత్తవి ఇంకా పెట్టలేదు. పైన తెల్లటి షీటు. ఎండ దానిలోంచి వడకట్టుకుని దిగుతోంది. అంత మెత్తటి వెలుగు పట్నంలో ఏ స్టూడియోలోనూ దొరకదు. "బండిని అండ్లకు తోపించుండ్రి అన్న," అన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు గానీ కూలీలను పిలిచాడు. లోపల ఉడికిపోయాను. అయినా సరే, వెలుగు ముందు చెమట ఏం లెక్క?

మొదటి రోజు మధ్యాహ్నం ఆయన తల్లి స్టీలు గ్లాసులో మజ్జిగ తెచ్చింది. బక్కపలచటి మనిషి, నెత్తి మీద కొంగు. గ్లాసు నాకిచ్చి వెళ్లిపోకుండా నా పక్కనే నిలబడింది. హెడ్‌లైటు వెనకాల క్రోమ్ గిన్నె చింతపండుతో తోమినట్టు మెరుస్తోంది. దాని వంపు గీస్తున్నాను. అందులో ఆమె వచ్చి పడింది. కాసేపు ఓపిక పట్టాను. నాకు ఓపిక తక్కువ.

"జర పక్కకు జరుగు పెద్దమ్మ. గిన్నెల కనిపిస్తున్నవ్."

ఆమె కదల్లేదు. వంగి గిన్నెలోకి చూసింది. "అండ్ల నేను ఎప్పుడూ ఉంటనే బిడ్డ," అంది.

ఎట్లా అని అడిగాను. చెప్పింది. పందెం నుంచి ఆమె భర్త వచ్చేసరికి బండి నిండా ఎర్ర దుమ్ము, ముందు భాగమంతా అతుక్కుపోయిన పురుగులు. ఆయన దిగి దోస్తులతో అరుగు మీద కూర్చునేవాడు. ఈమె బకెట్టు తీసుకుని బండి కడిగేది. వేరేవాళ్లను చేయి పెట్టనిచ్చేవాడు కాదట, గీతలు పడతాయని.

"గీ గిన్నె తుడిచినప్పుడల్ల నా మొఖం చూసుకుంటుంటి. అద్దం ముంగట నిలవడే తీరిక యాడున్నది అప్పుడు?"

"ఎన్నడన్న ఎక్కినవా పెద్దమ్మ?"

"ఎక్కిన, ఒక్కసారి. షాబాద్ దాంక. కొంగు మొఖానికి కొట్టుకునుడే గానీ తొవ్వ కనవడితె ఒట్టు." నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "బండి ఐతారం పోతది. బొమ్మల నన్ను ఉండనియ్యి బిడ్డ."

"నా బొమ్మల్ల మనుషులుండరు పెద్దమ్మ," అన్నాను. ఆమె బతిమాలలేదు. ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. నేను నా గీతలు గీసుకున్నాను.

మర్నాడు డోరు మీద చెరిగిపోయిన నంబరు కోసం పాత ఫొటోలు చూడాల్సి వచ్చింది. హాల్లో గోడ నిండా ఉన్నాయి. బండి మీద చేయి వేసి నిలబడ్డ పెద్దమ్మ భర్త, మెడలో దండతో ఆయన, కప్పు పట్టుకున్న ఆయన. చుట్టూ దోస్తులు. బానెట్ మీద కూర్చున్న కొడుకులు. ఒకదాంట్లో ఊళ్లో వాళ్లు, ఒకదాంట్లో ఎవరో అధికారి, ఇంకొకదాంట్లో సీట్లో దర్జాగా కూర్చున్న వాళ్ల కుక్క. నంబరు దొరికింది. ఆ గోడంతా వెతికినా ఆమె మాత్రం దొరకలేదు.

"నువ్వు యాడున్నవ్ పెద్దమ్మ?" అని ఆమెను అడిగాను.

"ఫొటోలు దిగేటప్పుడు నేను లోపల చాయ్ పెడుతుంటి," అంది, అదేదో మామూలు సంగతి అన్నట్టు.

కుక్కకు దొరికిన చోటు ఈమెకు దొరకలేదు. నియమం నేను పెట్టుకున్నదే, తీసేయడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. "నడువు పెద్దమ్మ, నిన్న నిలవడ్డ కాడనే నిలవడు," అన్నాను. ఆమె ఒక్క నిమిషం ఆగమని లోపలికి పోయింది. చీర మార్చుకుంటుందేమో అనుకున్నాను. అదే చీరలో, చేతిలో ఎర్ర అంచున్న పాత ధోతి ముక్క పట్టుకుని వచ్చింది. బండి తుడిచే బట్ట అది. ఇన్నేళ్లూ దాచింది.

క్రోమ్ గిన్నెలో మనిషిని గీయడం మాటలు కాదు. అందులో ఏదీ తిన్నగా ఉండదు. నుదురు సాగుతుంది, కాళ్లు కుదించుకుపోతాయి, పాలీహౌస్ పైపులన్నీ విల్లుల్లా వంగి ఆమె చుట్టూ చేరతాయి. కాన్వాసు మీద ఆమె మొత్తం కలిపి నా బొటనవేలి గోరంత. అన్నిటికంటే సన్నటి బ్రష్షు పట్టుకుని, ఊపిరి బిగపట్టి గీశాను. ధోతికి ఒక తెల్ల చుక్క, అంచుకు ఒక ఎర్ర గీత. మొహం పోలిక వచ్చిందా అంటే, వచ్చింది. నాకు రాకపోతే ఎవరికి వస్తుంది?

ఆదివారం లారీ వచ్చింది. అన్నదమ్ములు, పాలివాళ్లైన దాయాదులు, ఊరి జనం అందరూ మూగారు, అందరి చేతుల్లో ఫోన్లు. బండిని పలకల మీంచి పైకి ఎక్కించే ముందు ఆమె జనంలోంచి వచ్చి కొంగుతో ఆ గిన్నెను ఒకసారి తుడిచింది. ఎవరూ పట్టించుకోలేదు. బండి పోయింది.

బొమ్మ మా ఇంట్లో పూర్తిచేశాను. ఆరాక దుప్పట్లలో చుట్టి, ట్రాలీ ఆటో కిరాయి మాట్లాడుకుని చేవెళ్ల మీదుగా తీసుకుపోయాను. దారి పొడుగునా నాకు ఒకటే గుబులు. బొమ్మ గురించి కాదు, దాని సంగతి నాకు తెలుసు. బొమ్మ చేయించుకున్నది కొడుకు. కారు తప్ప ఇంకేమీ అడగనివాడు. ఆయన తీసెయ్యమంటే నేను తియ్యను, తియ్యనంటే బొమ్మ నాతోపాటు వెనక్కి వస్తుంది. అప్పుడు ఆమెకు బండీ లేదు, బొమ్మా లేదు.

హాల్లో సోఫాకు ఆనించి దుప్పటి తీశాను. ఆయన తమ్ముడు బానెట్ మీది తోలు బెల్టును వేలితో తాకబోయి చేయి వెనక్కి తీసుకున్నాడు. "అసలు బండే వచ్చి నిలవడ్డట్టున్నది," అన్నాడు. అన్న మొహం వెలిగిపోయింది. దగ్గరికొచ్చి చక్రాలు చూశాడు, నంబరు చూశాడు, తల ఊపాడు. హెడ్‌లైటు దగ్గర ఆగాడు.

"అంత మంచిగున్నది చెల్లె. గీ గిన్నెల గా మచ్చేంది? తుడిచెయ్యి."

నా నోటి దాకా ఒక ఘాటు మాట వచ్చింది. అది బయటపడితే ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ నాకు మజ్జిగ ఇచ్చేవాళ్లు కాదు. అంతలో వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆయన తల్లి రెండడుగులు ముందుకొచ్చింది. చేతిలో చాయ్ కప్పుల పళ్లెం అట్లాగే ఉంది.

"గా మచ్చ నేనే రా," అంది.

ఆయన తల్లి వంక చూశాడు. బొమ్మ వంక చూశాడు. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, అంత పెద్ద మనిషీ సోఫా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కాన్వాసుకు మొహం ఆనేంత దగ్గరికి వంగాడు.

"చేతిల ఉన్నది నాయిన ధోతి కదనే అవ్వ," అన్నాడు చివరికి. "నువ్వు కడుగుతుంటే నేను బానెట్ మీదకెల్లి జారుతుంటి. నీళ్లు కొడుతుంటివి నా మీద."

"కొట్టక? కడిగినకాడనే కాళ్లు పెడుతుంటివి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. ఆయన లేచి అద్దాలు తుడుచుకుని, ఇక మచ్చ మాట ఎత్తకుండా, మేకులూ సుత్తీ తెమ్మని లోపలికి కేకేశాడు. సోఫా మీద, ఫొటోలన్నిటికంటే ఎత్తుగా, గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టబోయాడు.

"గంత మీదికి వద్దు," అంది ఆమె పళ్లెం కింద పెట్టి. "జర కిందికి కొట్టు. నాకు చెయ్యి అందాలె."

"అందుడెందుకు అవ్వ?"

"దుమ్ము పడ్తె ఎవరు తుడుస్తరు?"

ఆయన సోఫాను పక్కకు జరిపించి, మేకు ఆమె భుజం ఎత్తున కొట్టాడు. తడి బట్ట మాత్రం పెట్టొద్దని, పొడి బట్టే వాడమని ఆమెకు గట్టిగా చెప్పి వచ్చాను.