చెవి మీద అరచెయ్యి

మైపాడులో మా చర్చి పాటలు రికార్డు చేసిన ఆ కుర్రవాడికి, ఎవరు పాడినా ఒక చెవిని అరచేత్తో మూసుకుని వినే అలవాటు ఉండేది. "నీ పాట లోకమంతా వింటాదక్కా" అని, మా కోడలు సొంతంగా కట్టిన పాటను ఆమె చేతనే పాడించుకున్నాడు. దాన్ని తన పేరు మీద ఫోన్లలోకి ఎక్కించాడు.

తర్వాత కోడలు అదే పాట తానే పాడి ఫోన్లో పెడితే, అది వేరేవాళ్ల పాట అని చెప్పి ఆ యాప్ వాళ్లు తీసేశారు. నేను వెళ్లి అడిగాను.

"ఆన్‌లైన్ సంగతులు నీకు తెలవవులే అవ్వా" అని నవ్వినాడు.

కోడలు పాడడం మానేసింది. నేను అదును కోసం ఊరుకున్నాను.

అతని పెళ్లి వచ్చింది. మా చర్చిలో పెళ్లికూతురు గుమ్మం దాటగానే ఆడవాళ్లమంతా లేచి పాడతాం, ఆమె ఆ పాట వెంట నడిచి వస్తుంది. ఏ పాటో పెళ్లికొడుకు చెప్పాలి. అతను ఆ పాటే చెప్పాడు.

పెళ్లికూతురు గుమ్మంలో నిలబడింది. మాలో ఒక్కరూ లేవలేదు.

"పాడండవ్వా!" అన్నాడు పెళ్లికొడుకు.

"నీ పాటే గదా నాయనా, నువ్వే పాడుకో" అన్నాను.

అతని అరచెయ్యి అలవాటుగా చెవి మీదికి పోయింది. ఫ్యాన్ల చప్పుడు తప్ప వినడానికేమీ లేదు. ఆ పిల్ల ఆ చప్పుడులోనే నడిచి వచ్చింది. నాకు జాలేసింది, అయినా పాట ఎత్తలేదు.

పాస్టరుగారు ఇప్పటికీ అతన్ని క్షమించమంటారు. ఆ పాట మీద కోడలి పేరు పడనీండి, అప్పుడు ఆలోచిస్తానన్నాను.