ఒక్క లాగుకు ఊడే తాడు

పాసయ్యాను! సముద్రంలో రెస్క్యూ పరీక్ష పాసయ్యాను! సోమవారం నుంచి కయాక్ గైడు ఉద్యోగం నాదే. కయాక్ అంటే ఒక్క మనిషి కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే సన్న పడవ. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. సముద్రంలోకి దిగిన మొదటి మనిషినీ నేనే.

పరీక్షకు ఎవరి తాడు వాళ్లే తయారు చేసుకోవాలన్నారు. ఒక కొస నా నడుముకు, రెండో కొసకు కొక్కెం. అలసిపోయినవాళ్ల పడవకు కొక్కెం తగిలించి ఒడ్డుకు లాక్కురావాలి. ఆ పడవ నన్నూ ముంచబోతే మాత్రం, ఒంటి చేత్తో ఒక్కసారి లాగగానే నడుము దగ్గర తాడు ఊడిపోవాలి. ఊడకపోతే ఫెయిలే.

శిక్షణ మధ్య సెలవుల్లో తర్లుపాడు దగ్గర మా ఊరికెళ్లి పని మొదలుపెట్టాను. నీళ్లలో తేలే ప్లాస్టిక్ తాడు మార్కాపురంలో దొరికింది. పాత కాలేజీ బ్యాగు పట్టీ బెల్టయింది. ముళ్లు మాత్రం నాయన వేశాడు. బర్రెలు కట్టేసిన చెయ్యి ఆయనది.

"నేను కట్టినాక ఒక్క బర్రెన్నా ఇప్పుకోని పోయిందా పాపా?"

పొలంలో నీటికుంటలో దిగాను. నాయన ఒడ్డు మీద కొక్కెం పట్టుకుని అలలాగా గుంజాడు. నేను కొస పీకాను. ఊహూ. తడిసేకొద్దీ ముడి ఇంకా బిగిసింది.

"చూసినావా, ఊడలా!"

"ఊడాల నాయనా! లేకుంటే సముద్రంలో మునిగిపోతా!"

ఆయన నవ్వు ఆగిపోయింది.

పక్కన గడ్డి కోస్తున్న అమ్మ కొడవలితోనే వచ్చింది. "నీకు కట్టేసేది తెలుసు, ఇప్పేది యాడ తెలుసయ్యా? నెత్తిన గడ్డిమోపు దించినాక దాన్ని ఇప్పేదానికి నువ్వొస్తున్నావా ఏంది?"

అమ్మ మోపు కట్టేటప్పుడు తాడు మడతపెట్టి దోపి, కొస బయటికి వదులుతుంది. అది లాగితే మోపు విచ్చుకుంటుంది. నా నడుము దగ్గర ఆ ముడే వేసింది. కొక్కెం దగ్గర నాయన ముడి అట్లాగే ఉంచింది. "ఊడగూడని కాడ నీదుండనీలే."

పదిసార్లు గుంజితే పదిసార్లూ ఊడింది. పదకొండోసారి నాయన వెల్లకిలా పడ్డాడు.

ఈరోజు పరీక్షలో నేను లాగుతున్న పడవ అలకు అడ్డం తిరిగింది. నా పడవ ఒరిగిపోయింది. చెయ్యి దానంతటదే కొస మీదికి పోయింది. ఒక్క లాగు, అంతే, ఊడింది! నిలదొక్కుకుని, తాడు మళ్లీ కట్టుకుని, ఆ పడవలో ఉన్నామెను ఒడ్డుకు చేర్చాను.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ముందు అడిగింది: "ఆ పడవలో ఆయమ్మ బాగుందా?"

"ఆమె మాకు మార్కులేసే మేడమమ్మా!"

"ఎవురైతే ఏంది, తడిసింది గదా."

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: గిద్దలూరు మేనత్త. దోర్నాలలో హోటలు నడిపే పెదనాయన. నన్ను డిగ్రీలో చేర్చమని ఇంటికొచ్చి చెప్పిన లెక్కల సారు. చంద్రశేఖరపురం చిన్నమ్మ. "నీళ్లు లేని ఊరోళ్లకు పడవలేంది మే?" అన్న మామ. ఆయనకు రెండుసార్లు.