మామ్మగారి గట్టు మీద తెల్లటి అడుగులు

మీ పత్రికలో ఈ శీర్షిక కింద డాక్టర్ల కేసులు వేశారు, వకీళ్ల కేసులు వేశారు, ఒక రైల్వే గార్డుగారి అనుభవమూ వేశారు. మురుగుకాలవల వెంట తిరిగి ఉద్యోగం చేసిన నాబోటి శానిటరీ ఇన్‌స్పెక్టర్ని మాత్రం ఇంతవరకూ పట్టించుకోలేదు. ఈ సంగతే లోగడ రెండుసార్లు రాసి, స్టాంపు అంటించిన కవరు కూడా జతచేసి పంపాను. ఆ కవరు ఏమైందో తెలియదు. నేను మరచిపోయే రకం కాదు కనుక మళ్లీ రాస్తున్నాను.

అది 2004. అనకాపల్లిలో ఒక ఆసుపత్రి వెనక సందులో కామేశ్వరమ్మగారని ఒక పెద్దావిడ ఉండేది. రోగులకు, వాళ్లను కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు భోజనం క్యారేజీలు కట్టి ఇచ్చేది. భర్త పోయాక ఆవిడకు అదే ఆధారం. వీధంతా మామ్మగారనే పిలిచేది.

ఒకరోజు పొద్దున్నే మునగపాక చెరకు రైతొకాయన ఖాళీ క్యారేజీ పట్టుకుని నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు. ఆయన భార్య కాన్పయి ఆ ఆసుపత్రిలోనే ఉంది.

"సార్, ఆ మామ్మగోరి వంటింట్లో పిల్లి గట్టెక్కి కూకుంది సార్. కిటికీలోంచి నా కళ్లతో సూసేను. ఆ కూడే పచ్చి బాలింతకి ఎట్టమంటారేటి?"

వంట ఆపించి నోటీసు ఇచ్చే అధికారం నాకుంది. నోటీసు పడిందంటే ఆసుపత్రి జనం ఇక ఆ గుమ్మం తొక్కరు. ఆవిడ బతుకుతెరువు అక్కడితో సరి. ఆ సంగతి తెలిసే వెళ్లాను. నా వెనకే రైతూ వచ్చాడు.

వంటింటి గడప దగ్గర చెప్పులు విడిచానో లేదో, లోపలి నుంచి కేక.

"అక్కడే ఆగు నాయనా! మడి కట్టుకున్నాను."

"మున్సిపాలిటీ నుంచి వచ్చేను మామ్మగారూ. ఇన్‌స్పెక్షను."

"ఎక్కణ్ణించి వచ్చినా గడప అవతలే."

ఈ మాట అవుతూండగానే బూడిద రంగు పిల్లి ఒకటి నా కాళ్ల పక్క నుంచి దర్జాగా లోపలికి వెళ్లి, ఒక్క గెంతులో గట్టెక్కింది.

"మరి దానికి మడి అక్కర్లేదేటండి?"

"బుల్లెమ్మకా? పిల్లికి మైల లేదు నాయనా. శాస్త్రంలోనే ఉంది. ఆ గొడవంతా మనుషులకే."

నా వెనక రైతు కిసుక్కున నవ్వాడు. పెద్ద ఆఫీసర్ని కాకపోవచ్చు కానీ ప్రభుత్వోద్యోగిని. పిల్లికున్నపాటి ప్రవేశం నాకు లేకపోయింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అయినా ఉన్నమాట చెప్పాలి. నేను తనిఖీ చేసిన హోటళ్లలో ఒక్కటీ ఆ వంటింటికి సాటి రాదు. ఇత్తడి గిన్నెలు తళతళలాడుతున్నాయి. నల్లరాతి గట్టు అద్దంలా ఉంది. చిక్కు అక్కడే ఉంది. మా వృత్తిలో క్రాస్ కంటామినేషన్ అంటాం, అంటే ఒకచోటి మలినం కాలికో చేతికో గుడ్డకో అంటుకుని ఇంకోచోటికి చేరడం. అది కంటికి కనపడదు. స్వాబ్ తీయవచ్చు, అంటే దూదిపుల్లతో గట్టు తుడిచి ల్యాబుకు పంపడం. ఫలితం వచ్చేలోగా ఎన్ని పూటల వంట అయిపోతుందో! పైగా నన్ను గట్టు దాకా రానిస్తే కదా.

"మామ్మగారూ, అది వచ్చే దారి ఎప్పుడైనా చూసేరా?"

"దొడ్లోంచి వస్తుంది."

"దొడ్లో మురుగుకాలవ తొక్కుకుంటూ వస్తంది. ఆ కాలవ అంచున ముగ్గుపిండి జల్లి, బుల్లెమ్మని ఓసారి బయటికి తోలి మళ్లీ పిలవండి. నా మాట నమ్మక్కర్లేదు."

ఇలాంటి మాటకు హోటలు యజమానులు నన్ను టీ తాగి పొమ్మన్నారు. మామ్మగారు పొమ్మనలేదు. బుల్లెమ్మని బయటికి తోలి, ముగ్గుడబ్బా తీసుకుని తనే దొడ్లోకి వెళ్లింది. తిరిగి వచ్చి పాలగిన్నె మీద గరిటెతో తట్టింది. బుల్లెమ్మ కిటికీలోంచి దిగింది.

నల్లరాతి మీద తెల్లటి అడుగులు. గట్టు పొడుగునా ఉన్నాయి. తరిగిన వంకాయ ముక్కల పళ్లెం అంచున ఉన్నాయి. వండి పక్కన పెట్టిన పప్పుగిన్నె మూత మీద పువ్వులు పరిచినట్టున్నాయి.

ఆవిడ వంగి ఒక్కొక్క అడుగూ చూసింది. తరవాత పప్పుగిన్నె చేతిలోకి తీసుకుంది.

"పారబొయ్యక్కర్లేదు మామ్మగారూ, మూతుంది కదా," అన్నాను.

"మూత మీదే ఉన్నాయి నాయనా అడుగులు." పప్పు, ముక్కలు కుడితిబానలో పోసి వచ్చి అంది: "శాస్త్రం పిల్లికి మైల లేదంది. కాలవకి లేదనలేదు."

ఒక మనిషి జీవితమంతా నమ్మిన దాన్ని అంత నిబ్బరంగా సరిదిద్దుకోవడం నేను మళ్లీ చూడలేదు. సబ్బునీళ్లతో, ఆపైన మరిగించిన నీళ్లతో గట్టు కడిగి మళ్లీ పొయ్యి వెలిగించింది. క్యారేజీలకు వచ్చినవాళ్లతో దాపరికం లేకుండా చెప్పింది.

"ఇవాళ నా పిల్లి వంట తొక్కింది. మళ్లీ వండుతున్నాను. ఆగితే పెడతాను, లేదంటే హోటలుకి వెళ్లండి."

కొందరు గొణుక్కుంటూ వెళ్లిపోయారు. ఫిర్యాదు చేసిన రైతు మాత్రం అరుగు మీద చతికిలబడ్డాడు.

"తప్పు సెప్పుకున్న సెయ్యి వంట మంచిదే అవుతాది. మా ఇంటిదానికి రేపూ మీ కేరేజీయే మామ్మగోరూ."

నేను నోటీసు రాయలేదు. వారం తిరగకుండా కిటికీకి ఇనప జాలీ వచ్చింది. వసారాలో ఎండ తగిలేచోట బుల్లెమ్మకు గోనె పరిచిన బల్ల వెలిసింది, పాలు అక్కడే. గట్టు తుడిచే గుడ్డ వేరు, రోజూ ఎండలో ఆరేది. మళ్లీ వెళ్లినప్పుడు ఆవిడే పిలిచింది.

"పిల్లికి చెప్పలేను గనక బయట ఉంచేను. నీకు చెప్పగలను. కాళ్లు కడుక్కుని లోపలికి రా."

కడుక్కునే వెళ్లాను. శుభ్రమంటే తళతళలాడటం కాదని, ఏది ఎక్కణ్ణించి నడిచి వచ్చిందో చూసుకోవడమని నేను అందరికీ చెప్పేవాణ్ణి. దాన్ని చేసి చూపిన మనిషి ఆవిడ.

ఈ ముగ్గుపిండి పరీక్షను బడుల్లో, హోటళ్లలో చేసి చూపిద్దామని, దానికి మామ్మగారి పేరు పెడదామని మా ఆఫీసులో రాసిచ్చాను. "పిల్లి ఇన్‌స్పెక్టరుగారొచ్చేరు" అని నవ్వారు. నవ్వినవాళ్ల పేర్లన్నీ నాకు గుర్తే, ఇక్కడ రాయను. రిటైరయ్యాక కూడా అడుగుతూనే ఉన్నాను. పిండి నేనే తెచ్చుకుంటానన్నాను. మామ్మగారు వండిన వంట పారబోసి మరీ ఆ పూటే నాకు జవాబిచ్చింది. మున్సిపాలిటీవారూ, పత్రికవారూ, మీరు పారబోయవలసింది ఏమీ లేదు. పరీక్ష చేయిస్తారా, ఇది వేస్తారా, లేదా? ఏదో ఒకటి చెప్పండి.